ఎకనామిక్స్ పరిశోధన ఎవరికి పనికొస్తుంది? పర్లాకిమిడి తండ్రికి జవాబు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి బరంపురంలో ఎంఏ ఎకనామిక్స్ మొదటి ఏడాది. దేశంలో ఉత్పాదకత, అంటే అదే భూమితో, అదే శ్రమతో ఎక్కువ రాబట్టడం, ఎలా పెరుగుతుందో పరిశోధించి, ప్రభుత్వానికి పనికొచ్చే పని చేస్తానంటోందట. "ఆ పేపర్లు ఢిల్లీలో ఎవరు చదువుతారండీ, బీఎడ్‌లో చేర్పించనా?" అని అడిగారు.

చదువుతారండీ. వరి సంగతే చూడండి. స్వర్ణ రకం పశ్చిమ గోదావరిలోని మారుటేరులో పుట్టి 1982లో విడుదలైంది, ఒడిశా రైతులూ బాగా పట్టుకున్నారు, కానీ ఎక్కువ రోజులు నీట మునిగితే పైరు పోయినట్టే. ముంపును తట్టుకునే జన్యువేమో ఒడిశా నాటు వరి నుంచి తీసిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే రకంలో దొరికింది. దాన్ని స్వర్ణలోకి తెస్తే స్వర్ణ సబ్1 అయింది, 2009లో మన దేశంలో విడుదల చేశారు, రెండు వారాల దాకా మునిగినా బతుకుతుంది. నాకు బాగా ఇష్టమైన భాగం ఆ తర్వాతది. కొందరు ఆర్థికవేత్తలు ఒడిశా ఊళ్లలో లాటరీ పద్ధతిన కొందరు రైతులకు ఈ విత్తనం ఇచ్చి, ఇవ్వనివాళ్ల పొలాలతో పోల్చి లెక్కలు తీశారు. మునిగిన చోట పంట దక్కడమే కాదు, పోతుందన్న భయం తగ్గేసరికి రైతులు ఎరువు, పెట్టుబడి కూడా పెంచారు. దళితుల పొలాలు మిగతావాళ్ల వాటికంటే ఎక్కువగా మునిగే పల్లంలో ఉంటాయి కాబట్టి మేలు కూడా వాళ్లకే ఎక్కువ. విత్తనం ముందు ఎవరికి చేరాలో తేల్చాల్సిన అధికారికి ఇంతకంటే ఏం కావాలి?

ఫ్యాక్టరీలకీ, సర్వీసులకీ అయితే పెట్టుబడి, శ్రమ, ఇంధనం, ముడిసరుకు ఎంత వాడితే ఎంత ఉత్పత్తి వచ్చిందో చూపే కేఎల్‌ఈఎంఎస్ లెక్కలున్నాయి. రిజర్వ్ బ్యాంకు ప్రచురిస్తుంది, మొదట కట్టింది మాత్రం పరిశోధకులే.

ఇక ఉద్యోగం. ఇండియన్ ఎకనామిక్ సర్వీసుకు యూపీఎస్సీ పరీక్ష ఉంది, ఎకనామిక్స్ పీజీ కావాలి, వయసు 21 నుంచి 30. పోస్టులు కొద్దే, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37,000 రూపాయలు అందుతుంది, మీరు చేతి నుంచి పెట్టక్కర్లేదు. భువనేశ్వర్‌లో నబకృష్ణ చౌధురి కేంద్రం, హైదరాబాద్‌లో సెస్, రెండూ ఇలాంటి పనే చేసే పరిశోధన సంస్థలు.

మీ అమ్మాయి బలం మీరు గమనించినట్టు లేదు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, కాస్త కష్టపడితే గిరిజనుల సవర భాష. సర్వేకి వచ్చినవాళ్ల ప్రశ్న అర్థం కాకపోతే రైతు ఏదో ఒకటి చెప్పి పంపేస్తాడు, ఆ తప్పే లెక్కల్లోకెక్కి ఢిల్లీ దాకా పోతుంది. గుమ్మంలో కూర్చుని వాళ్ల మాటలో అడగగలిగే మనిషి చాలా అవసరం. తక్కువైంది స్టాటిస్టిక్స్ అయ్యుంటుంది, అది కూర్చుని నేర్చుకోవాల్సిందే, తప్పదు.

ఉద్యోగాలు, పనుల మీద కేంద్ర ప్రభుత్వం చేసే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వే డేటా ఉచితంగా దొరుకుతుంది. ఈ సెలవుల్లో అందులో ఒడిశా భాగం తీసి, ఎవరు ఏ పని చేస్తున్నారో ఒక పట్టిక వేయమనండి. విసుగొస్తే బీఎడ్ మాట అప్పుడు మాట్లాడదాం. రాత్రి అన్నానికి పిలిచినా లేవకపోతే మాత్రం ఆపకండి.