పాత మార్క్ 2 కొనాలా, కొత్త మార్క్ 4 కొనాలా? ముందు తూటాల లెక్క చూడండి

ప్రశ్న: మూడేళ్లుగా క్లబ్ పిస్టల్‌తో 25 మీటర్ల గురి సాధన చేస్తున్నాను. ఇప్పుడు సొంతంగా ఒక .22 రిమ్‌ఫైర్ టార్గెట్ పిస్టల్ కొనుక్కోవాలని ఉంది. క్లబ్‌లో ఒక పెద్దాయన తన రూగర్ కంపెనీ మార్క్ 2 పిస్టల్ అమ్ముతానంటున్నారు. 1990ల నాటిది, 5.5 అంగుళాల బుల్ బ్యారెల్ (మందపాటి బ్యారెల్). కొత్త మార్క్ 4 టార్గెట్ ధరలో మూడింట రెండు వంతులు అడుగుతున్నారు. నా దగ్గర ఉన్న డబ్బుతో అది కొన్నా కొంత మిగులుతుంది. కొత్తదే కావాలంటే ఏడాదిపాటు వాయిదాలు కట్టాలి, లేదా నాలుగు నెలల ఖర్చులకని పక్కన పెట్టిన సొమ్ము తీయాలి. పాతవి ఇప్పుడు తయారు కావడం లేదు కాబట్టి దాని విలువ పెరుగుతుందని, పెట్టుబడి అనుకుని కొనెయ్యమని స్నేహితులు అంటున్నారు. వారానికి రెండుసార్లు రేంజ్‌కు వెళతాను, వెళ్లినప్పుడల్లా ఓ వంద తూటాలు కాలుస్తాను. ఏది కొనమంటారు?

జవాబు: ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆ మార్క్ 2ను కింద చెప్పినట్టు పరీక్షించి, అంతా బాగుంటే అదే కొనండి. బాగాలేకపోతే ఇప్పటికి ఏదీ కొనకండి. క్లబ్ పిస్టల్‌తోనే ఇంకొన్నాళ్లు సాధన చేస్తూ మార్క్ 4 కోసం డబ్బు కూడబెట్టండి. వాయిదాల జోలికి, ఆ నాలుగు నెలల సొమ్ము జోలికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లవద్దు.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం చివర్లో ఉంది. వారానికి 200 తూటాలు. జ్వరాలు, ప్రయాణాలు తీసేసి ఏడాదికి 50 వారాలు వేసుకున్నా 10,000 తూటాలు. పెట్టెకు 50 చొప్పున 200 పెట్టెలు. మీరు వాడే పెట్టె ధరను 200తో గుణించి, ఆ మొత్తాన్ని పిస్టల్ ధర పక్కన రాసి చూడండి. రెండు పిస్టళ్ల ధరల్లో తేడా గురించి మీరు ఇంత మథనపడుతున్నారు కదా, ఆ తేడా ఎన్ని నెలల తూటాలకు సమానమో కూడా అక్కడే తేలిపోతుంది. పోటీల కోసం ప్రత్యేకంగా తయారుచేసే తూటాలు వాడదామనుకుంటే ఆ లెక్క ఇంకా చాలా పైకి వెళుతుంది.

ఈ ఖర్చు తగ్గించుకునే దారి కూడా రిమ్‌ఫైర్‌లో లేదు. సెంటర్‌ఫైర్ తూటాలైతే కాల్చిన గుల్లలు ఏరుకుని, కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టి మళ్లీ వాడుకునేవాళ్లున్నారు. రిమ్‌ఫైర్ తూటాలో పేలే మిశ్రమం గుల్ల అడుగున అంచు మడతలోనే ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపితేనే తూటా పేలుతుంది. ఒకసారి కాల్చాక ఆ గుల్ల ఉత్త ఇత్తడి తుక్కు. అందుకే మీకు నేను పెట్టే షరతు ఒక్కటే: పిస్టల్ కొన్న రోజున మీ దగ్గర కనీసం ఆరు నెలల తూటాల డబ్బు మిగిలి ఉండాలి. కొత్త పిస్టల్ కొని, తూటాలకు డబ్బు చాలక వారానికి ఒక్కసారే రేంజ్‌కు వెళ్లే స్థితి వస్తే, ఆ పిస్టల్ మీ స్కోరును పెంచకపోగా తగ్గిస్తుంది. మూడేళ్ల మీ శ్రమ అలా వృథా కావడం నాకు ఇష్టం లేదు.

ఇక రెండు పిస్టళ్ల సంగతి. విలియం రూగర్, అలెగ్జాండర్ స్టర్మ్ కలిసి 1949లో పెట్టిన రూగర్ కంపెనీ మొదటి సరుకే ఈ .22 పిస్టల్. 1951లో సర్దుకోదగ్గ సైట్లతో (గురి చూసే గుర్తులతో) మార్క్ 1 టార్గెట్ వచ్చింది, 1982లో మార్క్ 2. చివరి తూటా కాలగానే బోల్ట్ (తూటాను దాని గదిలోకి, అంటే ఛాంబర్‌లోకి, నెట్టి మూసే భాగం) వెనక్కి వెళ్లి ఆగిపోవడం, మ్యాగజైన్‌లో 9కి బదులు 10 తూటాలు పట్టడం, సేఫ్టీ వేసి ఉండగానే బోల్ట్ లాగి ఛాంబర్ ఖాళీ చేయగలగడం మార్క్ 2తోనే మొదలయ్యాయి. 2000ల మధ్యలో వచ్చిన మార్క్ 3లో మ్యాగజైన్ విడిపించే మీట పిడి అడుగు నుంచి ట్రిగ్గర్ గార్డు వెనక్కి, బొత్తాం రూపంలో మారింది. ఛాంబర్‌లో తూటా ఉందని చూపే సూచిక, మ్యాగజైన్ లేకపోతే కాలనివ్వని ఏర్పాటు, తాళం కూడా చేరాయి. 2016లో మార్క్ 4 వచ్చింది. గొట్టంలాంటి రిసీవర్, దానిలో ముందుకీ వెనక్కీ కదిలే బోల్ట్, కదలకుండా బిగించిన బ్యారెల్ అనే మూల నిర్మాణం మాత్రం మొదటి నుంచీ అలాగే ఉంది. కాబట్టి గురి విషయంలో మంచి స్థితిలో ఉన్న మార్క్ 2 కొత్తదానికి తీసిపోదు. ట్రిగ్గర్ అయితే పాతదే మెరుగని నా అభిప్రాయం, ఎందుకంటే మ్యాగజైన్ లేనప్పుడు అడ్డుపడే ఆ భాగం దానిలో లేదు.

మరి ఎక్కువ డబ్బు దేనికి పెట్టాలి? ముఖ్యంగా విప్పి తుడుచుకునే సౌకర్యానికి. మార్క్ 4లో ఫ్రేమ్ వెనక బొత్తాం నొక్కితే పైభాగం ముందువైపు కీలు మీద లేస్తుంది, చేత్తో ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు. మార్క్ 2తో అంత తేలిక కాదు. పిడి వెనక ఉన్న చిన్న గొళ్లెం తీసి, మెయిన్‌స్ప్రింగ్ ఉన్న పట్టీని కిందికి లాగి, దానితోపాటు బోల్ట్‌ను పట్టి ఉంచే పిన్నును బయటికి తీసి, రిసీవర్‌ను ఫ్రేమ్ మీద నుంచి ముందుకు తట్టి విడదీయాలి. తిరిగి బిగించేటప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. ఫైరింగ్ పిన్‌ను కొట్టే హ్యామర్ నుంచి వేలాడే సన్నని కడ్డీ సరిగ్గా మెయిన్‌స్ప్రింగ్ తలమీద ఉన్న గుంటలో కూర్చోవాలి. పిస్టల్‌ను అటూ ఇటూ వంచుతూ ఆ కడ్డీని దారికి తెచ్చుకోవాలి. కూర్చోకపోతే పట్టీ మూతపడుతుంది గానీ బోల్ట్ వెనక్కి కదలదు, మళ్లీ మొదటికి రావాలి. నాలుగైదుసార్లు చేస్తే చేయి అలవాటు పడుతుంది. ఈ ఇబ్బంది నుంచి తప్పించుకోవడానికి మూడో వంతు ధర అదనంగా పెట్టడం మీ పరిస్థితిలో అవసరం లేదు. డబ్బు పుష్కలంగా ఉన్నవాళ్లకైతే మార్క్ 4నే కొనమని నిస్సంకోచంగా చెబుతాను.

పెద్దాయన పిస్టల్‌ను చూసేటప్పుడు కూడా ఈ విప్పే కష్టాన్ని మనసులో పెట్టుకోండి. విప్పడానికి బద్ధకించినవాళ్లు శుభ్రం చేసే కడ్డీని బ్యారెల్ మూతి నుంచే దూరుస్తారు. అలా ఏళ్ల తరబడి చేస్తే మూతి అంచు ఒక పక్క అరిగిపోయి గురి చెదురుతుంది. .22 గుండు మెత్తని సీసం, పీడనమూ తక్కువ, కాబట్టి కాల్చడం వల్ల బ్యారెల్ అరగడం చాలా నెమ్మది. దాన్ని పాడుచేసేవి కడ్డీలు, తుప్పు. కాబట్టి ముందు మూతి అంచు చూడండి. తర్వాత మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి నిలిపి, ఛాంబర్ ఖాళీగా ఉందని చూసుకున్నాక ఛాంబర్ అంచు మీద గోరు ఆనించి చూడండి. బోల్ట్‌లో ఫైరింగ్ పిన్‌ను ఆపే చిన్న అడ్డ పిన్ను ఒకటి ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు అది పోయి, ఆపై ఖాళీ పిస్టల్‌ను కాలిస్తే ఫైరింగ్ పిన్ నేరుగా ఆ అంచును కొడుతుంది. అక్కడ నొక్కు తగిలితే ధర తగ్గించమని అడగాలి, లేదా వదులుకోవాలి. రిసీవర్ మీద సుత్తి దెబ్బల మరకలున్నాయేమో కూడా చూడండి. చివరగా ఆయన ఎదురుగానే రేంజ్‌లో మీరు వాడే తూటాలతో రెండు పెట్టెలు కాల్చండి.

స్నేహితులు చెప్పిన పెట్టుబడి మాటను మాత్రం పక్కన పెట్టండి. మార్క్ 2 దాదాపు ఇరవై ఏళ్లపాటు పెద్ద సంఖ్యలో తయారైంది, అది అరుదైన వస్తువు కాదు. పైగా మీరు దాన్ని అద్దాల పెట్టెలో పెట్టబోవడం లేదు, ఏటా 10,000 తూటాలు కాల్చబోతున్నారు. నిజంగా కలిసొచ్చే విషయం వేరే ఉంది. కొత్త పిస్టల్ కొన్నవాళ్లు మొదట్లోనే ధరలో కొంత పోగొట్టుకుంటారు. మార్క్ 2 విషయంలో ఆ నష్టం మొదటి యజమాని ఎప్పుడో భరించేశారు. రెండేళ్ల తర్వాత మీరు అమ్మాలనుకుంటే, జాగ్రత్తగా వాడి ఉంటే, పోయేది కొద్దిగానే ఉంటుంది. లాభం రాదు, నష్టం తక్కువ. సరదా కోసం కొనే వస్తువు నుంచి అంతకన్నా ఆశించకూడదు.

ఒక లోటు కూడా చెప్పాలి. మార్క్ 3, మార్క్ 4 టార్గెట్ పిస్టళ్ల రిసీవర్లకు డాట్ సైట్ (గురి చోట వెలుగు చుక్క చూపే సాధనం) బిగించుకోవడానికి స్క్రూ రంధ్రాలు ముందే ఉంటాయి, మార్క్ 2లో చాలా వాటికి ఉండవు. అంతర్జాతీయ నియమాల ప్రకారం జరిగే 25 మీటర్ల పోటీల్లో డాట్ సైట్ ఎలాగూ పనికిరాదు, కాబట్టి మీకు వెంటనే వచ్చే ఇబ్బంది లేదు. డాట్ సైట్ అనుమతించే పోటీలవైపు వెళ్లే ఆలోచన ఉంటే ఆ రంధ్రాలు వేయించే ఖర్చు ముందే కలుపుకోండి. బ్యారెల్ విషయంలో మీ అదృష్టం బాగుంది. అంతర్జాతీయ నియమాల 25 మీటర్ల పోటీల్లో బ్యారెల్ 153 మిల్లీమీటర్లు దాటకూడదు. 5.5 అంగుళాలంటే దాదాపు 140. ఇదే పిస్టల్ 6.875 అంగుళాల బ్యారెల్‌తోనూ వచ్చింది. అది మీకు దొరికి ఉంటే వద్దనేవాణ్ని.

పరీక్షలో మార్క్ 2 నిలవకపోతే మీకు కావాల్సిన డబ్బులో మూడింట రెండు వంతులు ఇప్పటికే చేతిలో ఉన్నట్టే. మిగిలిన వంతును నెలనెలా విడిగా ఒక ఖాతాలో వేసుకోండి. అప్పు తీసుకుని కట్టబోయే వాయిదానే ముందుగా మీకు మీరు కట్టుకుంటున్నారన్నమాట, వడ్డీ ఉండదు.

ఈలోగా ఎవరైనా వాడిన మార్క్ 4 చూపిస్తే సీరియల్ నంబర్ చూడకుండా డబ్బు ఇవ్వకండి. 2017 జూన్ 1కి ముందు తయారైన మార్క్ 4లను కంపెనీ వెనక్కి పిలిచింది. సేఫ్టీ మీట సగంలో ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కితే, తర్వాత మీటను కాల్చే స్థానానికి జరపగానే పిస్టల్ దానంతట అదే కాలే ప్రమాదం ఉందని తేలింది. 401తో గానీ, డబ్ల్యూబీఆర్ (WBR) అక్షరాలతో గానీ మొదలయ్యే నంబర్లు ఆ జాబితాలోవి. కంపెనీ ఉచితంగానే బాగుచేసి ఇచ్చింది. అమ్మేవారు ఆ పని చేయించారో లేదో రుజువు అడగండి.

పెద్దాయనతో బేరం కుదిరితే పిస్టల్‌తోపాటు ఆయన దగ్గరున్న మ్యాగజైన్లన్నీ ఇమ్మనండి. మార్క్ 3, మార్క్ 4 మ్యాగజైన్లు ఒకదానికొకటి పనికొస్తాయి గానీ మార్క్ 2కు పనికిరావు. విడిగా వెతికి కొనుక్కోవాల్సి వస్తే మీరు మిగుల్చుకున్న దానిలో కొంత అక్కడికే పోతుంది. యాజమాన్యం మీ పేరు మీదికి చట్టప్రకారం మారాకే పూర్తి సొమ్ము చెల్లించండి.