పక్కన అపార్ట్‌మెంట్ల పనితో మా బావి ఎండిపోయింది, బిల్డర్‌కి సంతకం పెట్టాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం శివారు. పక్కన రెండు టవర్లు కడుతున్నారు. ఏడు నెలల కిందట సెల్లార్ గుంత తవ్వి రాత్రీపగలూ మోటార్లతో నీళ్లు తోడేశారు, నాన్న తవ్వించిన బావి ఆ నెల్లోనే ఎండిపోయింది, దుమ్ముకి అమ్మకి ఆయాసం. అభ్యంతరం లేదని స్టాంపు పేపర్ మీద సంతకం పెడితే రెండు లక్షలిస్తాడట. సైట్ బోర్డు ఫొటో పంపిస్తున్నా. పెట్టేయమంటారా వకీలు గారూ?

జవాబు: పెట్టొద్దు. రేపు మీరు కేసేస్తే అవతలి వకీలు మొదట చూపించేది ఆ కాయితమే.

మీ కేసంతా ఆ ఫొటోలోనే ఉంది. ఫ్లాట్లు 1,90,000 చదరపు అడుగులని పెద్దక్షరాల్లో రాసి, కింద ఓ మూల సెల్లార్లు రెండు, ఒక్కోటి 20,000 అని రాశాడు చూడండి. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం బిల్టప్ ఏరియా 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2,15,000 అడుగులు ఉంటే పని మొదలుపెట్టకముందే పర్యావరణ అనుమతి తీసుకోవాలి, ఆ లెక్కలో సెల్లార్లు కూడా కలుస్తాయి. కలిపితే 2,30,000. అనుమతి ఉందో లేదో కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో ఇవాళే చూడండి. లేకపోతే ఆ తవ్వకమే చట్టవిరుద్ధం, ఉంటే అందులో నీళ్లకీ దుమ్ముకీ పెట్టిన షరతుల్లో ఏది తప్పాడో పట్టుకోండి.

ఇక గడువు. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) చట్టం సెక్షన్ 14 కింద నష్టం మొదలైన రోజు నుంచి ఆరు నెలల్లో వెళ్లాలి, గట్టి కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు, అది దాటితే ట్రిబ్యునల్ కూడా ఏం చేయలేదు. మీకు మిగిలింది నెల కూడా లేదు! ఏడు నెలలు నోటితో గొడవపడ్డారు గానీ ఒక్క అర్జీ అయినా రాశారా? బావికి నష్టపరిహారం అడగడానికి సెక్షన్ 15 కింద అయిదేళ్లుంది, కానీ పని ఆపించాలంటే ఇప్పుడే కదలాలి. రోజూ తోడుతూనే ఉన్నాడు కదా, గడువు రోజూ కొత్తగా మొదలవుతుందిలే అని ఎవరైనా చెప్తే నమ్మి కూర్చోకండి.

రేపే పొల్యూషన్ బోర్డు బరంపురం రీజినల్ ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ప్లాన్ కాపీకి ఆర్టీఐ వేయండి, జవాబుకి 30 రోజులు పడుతుంది కాబట్టి అది వచ్చేదాకా కేసు ఆపొద్దు. ఇద్దరు పొరుగువాళ్లని పెట్టుకుని బావిలో తాడు దింపి నీటిమట్టం కొలుస్తూ వీడియో తీయండి, తీసిన ఫోన్ మార్చకండి, వీడియోని సాక్ష్యంగా పెట్టేటప్పుడు ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌కి అది కావాలి. ఎన్జీటీ కోల్‌కతా బెంచ్‌కి ఆన్‌లైన్‌లోనే ఫైల్ చేయొచ్చు, ఒడియా కాయితాలకి ఇంగ్లీష్ అనువాదం జతచేయాలి. ముందు ఆ బోర్డుని తేదీ కనపడేలా దగ్గర్నుంచి మళ్లీ ఫొటో తీయండి, వాడు పీకేయకముందే.