అద్దం ముందు ‘ప’తో మొదలుపెట్టు

బిడ్డా,

నీకు ఒకటో తరగతి ఇచ్చారట, అక్షరాలు ఎట్లా చెప్పాలో తెలియక టెన్షన్ పడుతున్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. హనుమకొండ చుట్టుపక్కల బళ్ళలో ఏళ్ళ తరబడి అక్షరాలు దిద్దించినదాన్ని, నాకు తెలిసింది రాస్తున్నా.

హల్లుల్ని పాటలా బట్టీ పట్టించకు. ఆ వరుసకు ఒక లెక్క ఉంది. ‘క’తో నోటి వెనక మొదలై, ‘ప’ వర్గానికి వచ్చేసరికి పెదవుల దాకా వస్తాం. పిల్లలకు మాత్రం చివరి నుంచే చెప్పు, పెదవులైతే కళ్ళకు కనిపిస్తాయి కదా. అద్దం చేతికిచ్చి ప, బ, మ అనమను. తర్వాత త, ట. ‘త’కు నాలుక కొస పైపళ్ళ వెనక తగులుతుంది, ‘ట’కు వెనక్కి మడిచి అంగిలిని తాకుతుంది. ‘క’ను కంఠ్యం అంటారని గొంతు చూపించేవు! అక్కడ నాలుక మొదలు వెళ్ళి మెత్తటి అంగిలికి తగులుతుంది.

‘చ’ దగ్గర తొందరపడకు. చేప అన్నప్పుడు నాలుక గట్టి అంగిలికి తగులుతుంది, చాప అన్నప్పుడు పళ్ళ దగ్గరికి జరుగుతుంది. రాసేది ఒకే అక్షరం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడు చాప తప్పు పలికాడని పదిసార్లు అనిపించాను. వాడు ఇంట్లో పలికినట్టే, సరిగ్గానే పలికాడు. వాడి ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సున్న. దానికంటూ సొంత చోటు లేదు, పక్క అక్షరం ఎక్కడ పలికితే అక్కడికే పోతుంది. మన ఊళ్ళ పేర్లతోనే చూపించు. ‘నర్సం’ అని పేట అనబోయి ఆగమను, పెదవులు మూసుకుని ఉంటాయి. ‘హనుమకొం’ అని ‘డ’ ముందు ఆగితే నాలుక మడిచి ఉంటుంది. మంథనిలో పళ్ళ వెనక, మంచిర్యాలలో అంగిలి మీద. వరంగల్‌లో మాత్రం ఎక్కడో లోపల, ‘గ’ పలికే చోట. ఎవరూ నేర్పకుండానే ఇదంతా పిల్లల నోటికి వచ్చు. ఎవరి నోట్లో ఏం జరుగుతోందో వాళ్ళనే చెప్పనివ్వు, నువ్వు ముందే చెప్పేయకు.

క్లాసులో చేయించే ముందు నువ్వు ఒక్కసారి ఇంట్లో చేసి చూసుకో. నేను బడికి పట్టుకుపోయిన చిన్న అద్దాలు నాలుగు బీరువాలో ఉన్నాయి, ఆదివారం వచ్చి తీసుకుపో.

మీ పెద్దమ్మ