చలికాలంలో ధింగ్రీ పుట్టగొడుగు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఎండాకాలమంతా వరిగడ్డి పుట్టగొడుగు, ఇక్కడివాళ్లు పాళ ఛతు అంటారు, బాగానే తీశాం. కార్తీకం వెళ్లాక వేసిన నాలుగు బెడ్లలో ఒక్క మొగ్గా రాలేదు. పెంకుటింట్లో పది బై పన్నెండు గది. రాత్రి చలి పది డిగ్రీలకు దిగుతోంది. బొగ్గుల కుంపటి పెడితే వస్తాయా?
(ఒక పాఠకురాలు, సెమిలిగుడ, కోరాపుట్ జిల్లా, ఒడిశా)

జవాబు: కుంపటి మాత్రం పెట్టకండమ్మా. తలుపులు మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తెల్లారి బెడ్లు చూద్దామని లోపలికెళ్లిన మనిషి అక్కడే పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. దయచేసి ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పండి.

మీ పనిలో తప్పేమీ లేదు, కాలానికి తగని పంట వేశారంతే. పాళ ఛతు బూజు, అంటే విత్తనం నుంచి గడ్డిలోకి అల్లుకునే తెల్లటి దారాలు, గడ్డిలో పాకడానికి 32 నుంచి 35 డిగ్రీలు కావాలి, మొగ్గ తొడగడానికి 28 నుంచి 32. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మీ ఊళ్లో మాఘం దాటేదాకా ఆ వేడి ఎక్కడ దొరుకుతుంది? ఈ నాలుగు నెలలూ ధింగ్రీ వేయండి. మన పుస్తకాల్లో ముత్యపు చిప్ప పుట్టగొడుగు అని రాసేది ఇదే. అందులోనూ తెల్ల ఫ్లోరిడా రకం అడిగి తీసుకోండి. బూజు పాకేటప్పుడు 24 నుంచి 28, మొగ్గలకు 18 నుంచి 24 డిగ్రీలుంటే చాలు. రాత్రి అంతకన్నా దిగినా చావదు, నెమ్మదిస్తుంది.

పది కిలోల ఎండుగడ్డి లెక్క చెబుతాం. ఈ ఏటి గడ్డే కావాలి. వానకు తడిసి నల్లబడిన కుప్పలోది వద్దు. ఒకటి రెండు అంగుళాల ముక్కలుగా కోసి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, నీరు వార్చి, 80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ముంచి ఉంచండి. గడ్డి పైకి తేలకుండా రాయి పెట్టండి, తేలిన భాగంలోనే పనికిరాని బూజు బతికిపోతుంది. తీశాక కడిగిన వాలు గచ్చు మీద ఆరబెట్టాలి. ఎంత ఆరాలంటే, గుప్పెడు తీసుకుని గట్టిగా పిండితే చుక్క రాలకూడదు, అరచెయ్యి మాత్రం తడవాలి. ఇక్కడ తొందరపడి చెడగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

పది కిలోలు తడిశాక దాదాపు ముప్పై కిలోలవుతుంది. వేసవిలో దీనికి కిలో విత్తనం (గింజల మీద పెంచిన పుట్టగొడుగు బూజు) సరిపోతుంది, చలికాలంలో కిలోన్నర వేయండి. బూజు నెమ్మదిగా పాకుతుంది కనుక మొదలయ్యే చోట్లు ఎక్కువుంటేనే వేరే బూజులకు ఖాళీ దొరకదు. పద్నాలుగు బై ఇరవై నాలుగు అంగుళాల ప్లాస్టిక్ సంచులు ఆరు తీసుకుని, సంచికి అయిదు కిలోల గడ్డి, పావుకిలో విత్తనం. నాలుగంగుళాల గడ్డి పరిచి నొక్కడం, అంచు వెంబడి విత్తనం చల్లడం, ఇలా అయిదు వరసలు. మూతి కట్టి, చుట్టూ పెన్సిల్ లావు బెజ్జాలు పదో పన్నెండో పెట్టండి.

ఈ దశలో వెలుతురు అక్కర్లేదు, వెచ్చదనం కావాలి. నేల మీద పెట్టకండి, రాత్రి గచ్చు చల్లదనమంతా సంచి అడుక్కి ఎక్కుతుంది. చెక్క బల్ల మీద గోనె పరిచి, సంచులు ఒకదానికొకటి ఆనేలా నిలబెట్టండి. వంటింటి అటక ఇంకా మంచిది. బూజు ఊపిరి తీస్తూ తనే వేడి పుట్టిస్తుంది, సంచి లోపల గది కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు ఎక్కువుంటుంది. రెండు సంచుల మధ్య థర్మామీటరు దూర్చి చూడండి, ముప్పై దాటితే ఎడం చేయండి. వేసవిలో పదిహేను ఇరవై రోజుల్లో అల్లుకునేది ఇప్పుడు నెల పట్టవచ్చు. సంచి అంతా తెల్లగా బిగిసి, తడితే డొల్లగా కాక గట్టిగా మోగిందంటే ప్లాస్టిక్ కోసేయవచ్చు. నాలుగైదు రోజుల్లో మొగ్గలు కనిపిస్తాయి.

ప్రశ్న: మొగ్గలొచ్చాయి. కాడలు వేలెడు పొడుగు, గొడుగేమో పావలా బిళ్లంత. చలికని కిటికీలన్నీ గోనెలతో మూశాం.
(గుణుపూర్, రాయగడ జిల్లా)

జవాబు: ఆ గోనెలే కారణం. పుట్టగొడుగు కూడా మనలాగే ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అది గదిలో పేరుకుంటే గాలి కోసం వెతుక్కుంటూ కాడ సాగుతుంది, గొడుగు విచ్చుకోదు. బెడ్డు దగ్గర కూర్చుని చూడండి, కాడలన్నీ తలుపు సందు వైపే వంగి ఉంటాయి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అరగంట చొప్పున కిటికీ తెరవండి. నేల దగ్గరొకటి, చూరు కింద ఒకటి తూము ఉంటే గాలి దానంతటదే ఆడుతుంది. రెంటికీ ఈగలు దూరని సన్నజాలి కొట్టండి. వెలుతురూ కావాలి, పేపరు చదువుకోగలిగేంత, పగలు ఎనిమిది పది గంటలు. చలికి రెండు రోజులు ఆలస్యమైతే పోయేదేమీ లేదు, గాలి ఆడకపోతే మాత్రం ఆ కోత మొత్తం పోతుంది.

తలుపు తెరిస్తే తేమ పోతుందని భయపడకండి. గోడలకు, గచ్చుకు నీళ్లు చల్లండి. తేమ 80 నుంచి 90 శాతం మధ్య ఉండాలి. మొగ్గల మీద నేరుగా పడ్డ నీరు నిలిచిపోతే అవి పసుపెక్కి కుళ్లుతాయి. మంచు పట్టిన ఉదయాలు ఒక పూట నీళ్లు చల్లడం మానేసినా ఫరవాలేదు.

ప్రశ్న: పన్నెండో రోజుకి ఆరు సంచుల్లో రెండింట ఆకుపచ్చ మచ్చలు. పారేయాలా?
(జయపురం)

జవాబు: అది ట్రైకోడెర్మా అనే బూజు. మొదట తెల్లగానే ఉంటుంది, అందుకే మోసపోతాం. రెండు మూడు రోజులకు నడుమ పాచిరంగు తిరుగుతుంది. రూపాయి బిళ్లంత మచ్చ ఒక్కటే ఉంటే, ఆ సంచిని ముందు గదిలోంచి బయటికి తీసుకెళ్లి, అక్కడే మచ్చను చుట్టూ రెండంగుళాలతో కలిపి కోసి తీసేయండి. గదిలోనే కోశారో, ఆ ఆకుపచ్చ పొడి మిగతా నాలుగింటి మీదా పడుతుంది. అరచెయ్యంత పాకినవాటిని దూరంగా గుంట తీసి పూడ్చండి.

మచ్చ ఎక్కడుందో చూస్తే కారణం తెలుస్తుంది. అడుగునే ఉంటే గడ్డి సరిగా ఆరక నీరు దిగింది. అక్కడక్కడా చుక్కలుగా ఉంటే వేడినీళ్ల పని సరిగా జరగలేదు. విత్తనపు గింజల చుట్టూనే మొదలైతే విత్తనమే పాతది. నెల దాటిన పాకెట్టు, పసుపు నీరు ఊరిన పాకెట్టు కొనకండి.

ప్రశ్న: ఇదే గదిలో బటన్ పుట్టగొడుగు వేయవచ్చా?
(పర్లాకిమిడి)

జవాబు: మీ దగ్గర చలి సరిపోదు. దాని మొగ్గలకు 14 నుంచి 18 డిగ్రీలు నిలకడగా ఉండాలి, పైగా కుళ్లబెట్టిన కంపోస్టు, పైన కప్పే మట్టి, పెద్ద పని. ధింగ్రీ చేతికొచ్చాక ఆలోచించండి.

ప్రశ్న: కోసేటప్పుడు దగ్గు ఆగడం లేదు.
(సునాబేడా)

జవాబు: అంచులు పైకి లేచేదాకా ఉంచుతున్నారు. అప్పటికి గొడుగు కింది నుంచి కంటికానని విత్తు పొడి రాలుతుంది, అదే ఊపిరితిత్తుల్లోకి పోతోంది. అంచు ఇంకా కిందికి ముడుచుకుని ఉండగానే గుత్తి మొదలు పట్టుకుని మెలితిప్పి తీయండి. లోపలికెళ్లే అరగంట ముందు కిటికీలు తెరిచి, మాస్కు కట్టుకోండి. అప్పటికీ ఆయాసం తగ్గకపోతే కోత పని వేరొకరికి అప్పగించి డాక్టరుకు చూపించుకోండి. కాడ మొదలు బెడ్డులో మిగలనీయకండి, అది కుళ్లితే ఈగలు గుడ్లు పెడతాయి. వారం పది రోజుల్లో రెండో కోత వస్తుంది, ఆ తర్వాత మూడోది. అన్నీ కలిపి కిలో ఎండుగడ్డికి అరకిలో నుంచి ముప్పావు కిలో దాకా తూగుతుంది.