ఇనుమును కాచాలా, కాల్చాలా?

సందేహం: పాత పద్ధతిలో ఇనుప పనిముట్లు చేసి చూద్దామని పెరట్లో చిన్న కొలిమి కట్టుకున్నాను. తోలుతిత్తి, దాగలి, పటకారు సమకూర్చుకున్నాను. చేసే విధానం రాసుకుంటూ 'రెండు ముక్కలను కాల్చి అతకాలి' అని రాస్తే, పని నేర్పుతున్న పెద్దాయన 'కాల్చి కాదు బాబూ, కాచి అనాలి' అన్నారు. ఏది ఒప్పు?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: ముందు ఆ పెద్దాయనకు నా నమస్కారం చెప్పండి. మాట దిద్దుతూనే పని కూడా నేర్పారు.

దాగు–దాచు, తూగు–తూచు, రేగు–రేచు ఎలాగో కాగు–కాచు అలాగే. నీళ్లు కాగుతాయి, మనం కాస్తాం. కన్నడిగుల కాయిసు, తమిళుల కాయ్చ్చు దీనికి చుట్టాలే. కాలు–కాల్చు జంట వేరు. కట్టె కాలితే బూడిద, మట్టి కాలితే ఇటుక. మళ్లీ వెనక్కి రావు.

ఇప్పుడు మీ కొలిమి దగ్గరకు రండి. అతుకు పడాలంటే ఇనుము పసుపు దాటి తెలుపుకు తిరిగేదాకా కాగాలి. అంటే సుమారు 1,200–1,300 డిగ్రీలు. కరగడానికి 1,538 కావాలి కాబట్టి ఇది కరిగించడం కాదు. ఆదమరిచి ఇంకాసేపు ఉంచారా, చిటపటా రవ్వలు రాలతాయి. అప్పుడు ఇనుము నిజంగానే కాలిపోతుంది, సుత్తి దెబ్బకు పెళుసుగా విరుగుతుంది. కాగిన ఇనుము అతుకుతుంది, కాలిన ఇనుము అతకదు. పెద్దాయన పట్టుదల అందుకే.

వేమన కూడా ఆ మాటే వాడాడు. 'ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు కాచి యతుకవచ్చు' అన్నాడు. తర్వాతి ముక్కల్లో పాఠభేదాలు ఉన్నా 'కాచి' మాత్రం నిలిచింది. 'ఇనుమారు'లో లోహం ఏమీ లేదు, ఇనుమడిలో ఉన్న 'రెండు' అది. రెండు మూడు సార్లు అన్నది పద్యం నింపడానికి వేసిన మాట కాదు. కొలిమిలోంచి తీసిన ఇనుము క్షణాల్లో చల్లబడుతుంది, ఒక్క కాపులో అతుకు ముగియడం అరుదు. మనసు విరగడం గురించి చెప్పడానికి కొలిమిని ఇంత దగ్గరగా చూసిన కవి మనకు ఇంకొకరు ఉన్నారా?

చెట్టు కాచు, పశువులను కాచు అన్నవి వేరే కథ.

ఇంత మంచి క్రియను మనం వంటింట్లో కూడా పోగొట్టుకుంటున్నాం. పాలు 'బాయిల్ చేశాను' అంటారు, 'కాచాను' అనడానికి ఏం బరువు? టీవీ వార్తల్లో రాజకీయం కూడా 'హీట్' ఎక్కుతోంది. మే నెలలో బెజవాడలో తిరిగినవాళ్లకు 'కాక' అంటే తెలియదా? 'కాకలు తీరిన' యోధుడు కూడా కొలిమిలోంచే వచ్చాడని నా నమ్మకం.

అయితే 'ఎర్రగా కాల్చి వాత పెట్టారు' అని ఊరంతా అంటుంది, దాన్ని తప్పనలేను. అతుకు పని వరకు మాత్రం 'కాచి' అనే రాసుకోండి. అతుక్కు సరిపడే ఆ రంగును పెద్దాయన ఏ పేరుతో పిలుస్తారో అడిగి నాకు రాయండి.