వంటింటి సందేహాలు: మిగిలిన దాల్మా వడలు

ప్రశ్న: పండగ రాత్రి దాల్మా (కూరగాయ ముక్కలు వేసి వండే ఒడియా పప్పు) మిగిలిపోయింది. మర్నాడు సాయంత్రం చుట్టాలకు పెడదామని శనగపిండి కలిపి వడలు వేస్తే మూకుట్లోనే విడిపోయాయి. ఇంకాస్త పిండి కలిపితే లోపల పచ్చివాసన. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: తడి తీయకుండా పిండి కలపడం వల్ల వచ్చిన చిక్కిది. దాల్మాలోని గుమ్మడి, బొప్పాయి, వంకాయ ముక్కలు రాత్రంతా నీరు వదులుతాయి. ఆ నీరు నూనెలో ఆవిరై వడను చీల్చుకుని బయటికొస్తుంది. దాన్ని పీల్చేంత పిండి పోస్తే, పైన ఎర్రబడేలోగా అది లోపల ఉడకదు.

రెండు కప్పుల దాల్మాను వెడల్పాటి మూకుట్లో నూనె లేకుండా, మధ్యస్థ మంట మీద కలుపుతూ ఇగర్చండి. గరిటెతో గీసిన గీత పూడిపోకుండా నిలిస్తే చాలు. పావుగంట పట్టొచ్చు, కప్పుంపావు దాకా మిగులుతుంది. దాల్మాలోని అరటికాయ ముక్కలు మెదపండి, పట్టు వాటివల్లే వస్తుంది. వంకాయ తొక్కలు మాత్రం ఏరేయండి. పూర్తిగా చల్లారాక పావు కప్పు అటుకులు మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి వేసి, రెండు చెంచాల బియ్యప్పిండి, అల్లం, పచ్చిమిర్చి కలిపి 20 నిమిషాలు వదిలేయండి. వేడి మీద కలిపారో, అటుకులు జిగురై ముద్ద చేతికి అంటుకుపోతుంది.

పైపూతకు మన బరంపురం అప్పడాలను మించింది లేదు. నాలుగు పచ్చి అప్పడాలను మినపగింజంత ముక్కలుగా నలపండి. మూడు చెంచాల మైదాను పల్చటి జారుగా కలిపి, అరంగుళం మందాన తట్టిన వడను అందులో ముంచి, అప్పడం ముక్కల్లో దొర్లించండి. అప్పడంలో ఉప్పు ఉంటుంది కాబట్టి జారులో మళ్లీ ఉప్పు వేయొద్దు. నూనెలో ఒక అప్పడం ముక్క వేస్తే వెంటనే ఉబ్బాలి గానీ మాడకూడదు. ముందు ఒక్క వడే వేసి చూడండి. విడిపోతే ఇంకో చెంచా బియ్యప్పిండి కలపండి, శనగపిండి జోలికి వెళ్లొద్దు. పక్కన టమాటా ఖట్టా (ఒడియా తీపి-పులుపు పచ్చడి) ఉంటే చాలు, సాస్ సీసా తీయక్కర్లేదు.

ఒక్క షరతు. దాల్మా వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరి ఉండాలి. కొబ్బరి పడిన పప్పు గట్టు మీద తెల్లారితే, వాసన బాగానే ఉన్నా పారబోయండి.

ప్రశ్న: పులిహోరతో ఉండలు చుడితే రాలిపోతున్నాయి. – ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: చల్లబడిన అన్నం మెతుకు బిరుసెక్కుతుంది, దానికి తోడు తాలింపు నూనె మెతుకును మెతుక్కి అంటనివ్వదు. కప్పున్నర పులిహోర మీద రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూతపెట్టి వేడిచేసి, వేడిగా ఉన్నప్పుడే మెదపండి. ఎండుమిర్చి తీసేయండి, పల్లీలు ఉండనివ్వండి. ఉడికించిన బంగాళాదుంప ఒకటి చిదిమి కలపండి. నూనెలో దేవడం కన్నా పొంగనాల పెనం మీద, గుంటకు అరచెంచా నూనెతో, ఒక్కో వైపు నాలుగు నిమిషాలు కాల్చడం మేలు. ఫ్రిజ్‌లో పెట్టకుండా మిగిలిన అన్నంలో బాక్టీరియా వదిలే విషం ఎంత వేయించినా పోదు. పులుపు ఉంది కదా అని పులిహోరను కూడా నమ్మొద్దు.

ప్రశ్న: గట్టిపడ్డ గారెలను పెరుగులో వేస్తే మధ్యలో పిడచగానే ఉంటున్నాయి. – ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: చిక్కటి పెరుగు లోపలికి దిగదు. గోరువెచ్చటి ఉప్పునీళ్లలో పది నిమిషాలు నాననిచ్చి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కి, పల్చటి మజ్జిగలో ఓ గంట వదలండి. కటక్ దహిబరా తీరే ఇది. మిగిలిన ఆలూ కూర, ఘుగుని (బఠాణీల కూర) వేడిచేసి పైన వేసి, సన్న కారప్పూస, ఉల్లి తరుగు చల్లండి. ఉల్లిపాయ వేసి చేసిన గారెలైతే నీళ్లలో చిరిగిపోతాయి. వాటిని నాలుగు ముక్కలు కోసి, సన్నమంట మీద పెనంపై కరకరలాడించి ఇచ్చేయండి.