మ్యాప్‌లో మా మిద్దె కనపడతా ఉంది, తీసేయించొచ్చా?

"అన్నా, ఆన్‌లైన్ మ్యాప్‌లో చూస్తే మా మిద్దె, పైన నీళ్ల ట్యాంకుతో సహా కనపడతా ఉంది. దొంగలకు దారి చూపించినట్టే కదా, తీసేయించేదెట్లా?" అని తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒకాయన స్క్రీన్‌షాట్ పెట్టి మరీ అడిగినాడు.

ఈ నెలలో ఇదే ప్రశ్న నాలుగోసారి. పైనుంచి తీసిన ఆ బొమ్మ ఈరోజుది కాదన్నా, నెలలో ఏండ్లో పాతది. మా వీధిలో అపార్ట్‌మెంట్ లేచి గృహప్రవేశం భోజనాలు కూడా అయిపోయినాయి, మ్యాప్‌లో మాత్రం ఇంకా చింతచెట్టే ఉంది. దాన్ని తీయించేది మన చేతిలో లేదు. కారు మీద కెమెరా పెట్టుకోని వీధిలో తీసిన ఫొటో అయితే ఇల్లు మసక చేయమని అడగొచ్చు, కాకపోతే మళ్లీ మామూలుగా చేయమంటే చేయరు. అయినా దొంగకు మ్యాప్ ఎందుకు, "అరుణాచలం పోతా ఉండాం, రెండ్రోజులకు వస్తాం" అని మనం పెట్టే స్టేటస్ చాలదా!

నాకు నిజంగా భయం వేసేది మ్యాప్‌లో ఉండే ఫోన్ నంబర్లు చూస్తే. మ్యాప్‌లో ఉందంటే ఎవరో చూసి, సరిచూసి పెట్టుంటారు అనుకుంటాం కదా, కానీ షాపు పేరు, టైమింగు, నంబరు మార్చమని ఎవరైనా ఎడిట్ పంపొచ్చు, కొన్నిసార్లు అది అట్లే పాసైపోతుంది. 2018లో మహారాష్ట్రలో కొన్ని బ్యాంకు బ్రాంచీల నంబర్లు ఇట్లే మార్చేసి, ఫోన్ చేసిన కస్టమర్ల కాడ కార్డు వివరాలు లాగి డబ్బులు కొట్టేసినారు. మన ఊర్లో అయితే ఇది ఇంకా సులభం, రాత్రి పూట రైలు దిగి పిల్లల్ని ఎత్తుకోని నిలబడినోడు రూముల కోసం మ్యాప్‌లో వెతికి మొదట కనపడిన నంబరుకు చేస్తాడు, అవతలోడు తీయగా మాట్లాడి క్యూఆర్ పంపుతాడు, అడ్వాన్స్ పోతుంది, ఫోన్ స్విచాఫ్. స్టేషన్ ఎదురుగానే విష్ణునివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం ఉండాయి, నడిచిపోయి కౌంటర్లో అడగండి సామీ. ఆన్‌లైన్ బుకింగ్ అయితే టీటీడీ సొంత సైట్లోనే, అడ్రస్ చివర గవ్ డాట్ ఇన్ ఉందా లేదా చూసుకోని. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, చుట్టాలందరికీ చెప్పుకుంటా కూర్చుంటే ఆ లోపల అది నాలుగు ఖాతాలు దాటిపోతుంది. షాపు ఉండేవాళ్లు మీ నంబరు మ్యాప్‌లో సరిగ్గా ఉందో లేదో వారానికొకసారి చూసుకోండి.

ఇంకొకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. టార్చిలైటు యాప్‌కు లొకేషన్ ఎందుకయ్యా? అడిగేవాళ్లకు సిగ్గు లేదు, "ఎప్పుడూ" అని నొక్కే మనకు ఓపిక లేదు, "వాడేటప్పుడు మాత్రమే" అనేది దాని పక్కనే ఉన్నా చూడం. 2017లో ఒక ఫిట్‌నెస్ యాప్ తన యూజర్లు పరిగెత్తిన దారులన్నీ కలిపి పెద్ద మ్యాప్ వేసి బయటపెట్టింది, దాంట్లో సైనికులు జాగింగ్ చేసిన గీతల్తో ఎడారుల్లో ఉండే స్థావరాలు బయటపడినాయి. సైన్యానికే అట్లయితే మనం ఎంత.

అట్లని మ్యాపులు వద్దని కాదు. మా అమ్మ అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కేటప్పుడు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలకు పెట్టించినాను, ఏ మలుపులో కూర్చోనుందో ఇంట్లోంచే తెలిసింది, టైమ్ అయిపోతే అదే ఆగిపోతుంది. "నేను ఆపేదాకా" అనే ఆప్షన్ మాత్రం వేరే మ్యాప్ యాప్‌లో పెట్టుకోని మరిచిపోయినోళ్లు ఎంతమందో, పోయి ఇప్పుడే చూసుకోండి.

ఇంతకీ బైరాగిపట్టెడ అన్నా, మీ స్క్రీన్‌షాట్‌లో మిద్దె మీద ఒక పిన్ ఉంది, ఇంటి పేరు, కింద మొబైల్ నంబరు, గేటు ఫొటో. డెలివరీ పిల్లోళ్లకు దారి తెలియాలని మీ ఇంట్లోవాళ్లే ఎవరో పెట్టినట్టుండారు. అది తీయించండి, ట్యాంకు ఉండనీండి.